మూలల్లో మిగిలిన గడ్డి

హ్యూయీ గిల్‌రేన్ ఎండుగడ్డిని చెవితో వినేవాడు. కోసిన పనలోంచి గుప్పెడు తీసి, రెండు చేతులా మెలిపెట్టి, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. పచ్చిదనం ఉంటే గడ్డి మౌనంగా ఉంటుందట. ఆరితే ఎక్కడో దూరంగా ఎవరో కాగితం నలిపినట్టు ఒక్క మాట అంటుందట. ఆ మాట నాకెప్పుడూ వినపడలేదు.

"నీ చెవుల నిండా రేడియో ఉంది పిల్లా, దానికి చోటెక్కడిది?" అనేవాడు.

మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒక ముళ్ళకంచె, కంచెలో మనిషి పట్టేంత సందు, ఆ సందులోంచి ఒక కాలిబాట. ఐర్లండ్‌లో మా లీట్రిమ్ వైపు పొలాలన్నీ అలాంటివే. బోర్లించిన గిన్నెల్లాంటి గుట్టలు, గుట్టల మధ్య నీరూరే పల్లాలు, వాటన్నిటి మీదా కాపలా కాస్తున్నట్టు ఇనుపకొండ. ఇక్కడ ఎండ చుట్టంలా వస్తుంది. వచ్చిన మూడు రోజుల్లోనే గడ్డి కోసుకోవాలి, ఆరబెట్టుకోవాలి, కుప్ప వేసుకోవాలి.

మా తాత కాలంలో ఇంటికి ఒక్క గుర్రమే ఉండేది. గడ్డి కోసే యంత్రానికి మాత్రం రెండు కావాలి. అందుకని ఇళ్ళు జతకట్టేవి. మా ఇంటి మేజర్, గిల్‌రేన్ వాళ్ళ బెల్లా ఒక జత. యంత్రం వాళ్ళ కొట్టంలో, దానికి గుర్రాల్ని కట్టే పొడుగు కర్ర, నొగ, మా కొట్టంలో. ఒకరు లేకుండా ఇంకొకరు ఒక్క పరక కోయలేరు. జూన్ చివర్లో ఏదో ఒక పొద్దున మా తాత నొగ భుజాన వేసుకుని కంచె సందులోంచి అవతలికి వెళ్ళేవాడట. ఏ మాటా అక్కర్లేదు. నొగ వస్తోందంటే కోత మొదలన్నమాట.

అప్పటికి హ్యూయీకి ఇరవై ఏళ్ళు. ఆయన పని పొలం తెరవడం. గుర్రాలు నేరుగా లోపలికి వెళితే నిలబడ్డ గడ్డిని తొక్కేస్తాయి కదా. అందుకే అవి రాకముందే ఒక మనిషి పొలం చుట్టూ, కంచె వెంబడే, నిలువెత్తు పిడి ఉన్న పెద్దకొడవలితో ఒక్క బాట కోయాలి. మంచు ఇంకా తడితడిగా ఉండగానే హ్యూయీ ఆ బాట కోసేవాడు. కొడవలి గాలి పీల్చినట్టు లోపలికి వెళ్ళి, వదిలినట్టు బయటికి వచ్చేదని మా అమ్మ చెప్పేది. గుర్రాలు తిరిగేటప్పుడు మూలల్లో కొంత గడ్డి మిగిలిపోతే అదీ ఆయనే కోసేవాడు. చుట్టుపక్కల ఏడెనిమిది ఇళ్ళ పొలాల మూలలన్నీ ఆయనకి ఇంట్లో అలమర అరల్లా తెలుసు.

నేను పుట్టిన వారమే మా నాన్న ట్రాక్టర్ కొన్నాడు. మా అమ్మ నన్నూ, ఆయన దాన్నీ ఒకే ఆదివారం ఇంటికి తెచ్చారు. ఊరంతా ముందు చూడ్డానికి వచ్చింది ట్రాక్టర్‌నే. హ్యూయీ కూడా వచ్చాడట. దాని ముక్కు మీద చెయ్యి పెట్టి చూసి, "మంచి రంగు. కలిసి రావాలి నీకు," అన్నాడట మా నాన్నతో. అంతే. ఆ ఏడాది నొగ మా కొట్టం దాటలేదు. కోతల వారం పొడుగునా బెల్లా కంచె సందు దగ్గరికొచ్చి, చెవులు ముందుకు పెట్టి, మేజర్ కోసం నిలబడేదట. మేజర్‌ని అప్పటికే అమ్మేశారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్ళు కాదు. హ్యూయీ అసలే మాట్లాడలేదు. మా నాన్న ట్రాక్టర్‌తో వాళ్ళ గడ్డి కూడా కోసిపెట్టేవాడు. కోసిన ప్రతిసారీ హ్యూయీ, "చాలా మంచిపని చేశావు," అనేవాడు.

ఆ తర్వాత గడ్డి చేతుల్లోంచి మెల్లగా జారిపోయింది. ముందు పెద్దకొడవళ్ళు అటకెక్కాయి. తర్వాత గడ్డిని పెట్టెల్లా కట్టే యంత్రం వచ్చి, కుప్పలేసే మనుషుల్ని ఇళ్ళకి పంపించింది. తర్వాత గుండ్రటి చుట్టలు. చివరికి ఆరేదాకా ఆగే పనే లేకుండా, తడిగా ఉండగానే నల్ల ప్లాస్టిక్‌లో బిగించి పులియబెట్టే పద్ధతి. ఎండ కోసం ఆకాశం వైపు చూడటం మానేశాం. పొలంలో కబుర్లు, టీ సీసాలు, జీలకర్ర వేసిన రొట్టె, ఎవరి కుప్ప వంకరగా ఉందో దాని మీద జోకులు, అన్నీ ఆ నల్ల చుట్టల్లోకే వెళ్ళిపోయాయి. ఇప్పుడు కోతలయ్యాక మా గుట్టలు పెద్ద నల్లపూసలు తెగి చెదిరినట్టుంటాయి. ఆవులకి ఆ మేత ఇష్టమే. పాలూ బాగానే ఇస్తాయి. నేనూ అదే చేస్తాను.

హ్యూయీ ఒక్కడే ఎండుగడ్డి చేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఆవుల్నీ అమ్మేశాడు. మిగిలింది రెండెకరాల గడ్డినేల, బెల్లా మనవరాలి కూతురు నెల్లీ. ఇరవై ఆరేళ్ళ బూడిదరంగు ఆడగుర్రం. ఏ పనీ చేయనక్కర్లేదు దానికి. పొద్దున ఆయన టీ కప్పుతో గుమ్మంలో నిలబడితే, అది గేటు మీద గడ్డం ఆనించి నిలబడేది. ఇద్దరూ ఒకే కొండని చూసేవారు.

ఆ ఏడాది ఎండాకాలం రాలేదు. మే నుంచీ వానే. జూలైలో కొన్నాళ్ళు తెరిపిచ్చింది. కోతల కంట్రాక్టు చేసే డెక్లన్ కీనీ తన పెద్ద యంత్రంతో వచ్చి, హ్యూయీ రెండెకరాలూ ఇరవై నిమిషాల్లో కోసి వెళ్ళాడు. హ్యూయీ పంగలకర్రతో ఒక రోజంతా తిరగేశాడు. రెండో రోజు పొద్దున సరస్సు అవతల ఆయన మేనత్త కొడుకు అంత్యక్రియలు. నల్లకోటు వేసుకుని, కంచె సందు దగ్గర ఆగాడు.

"గడ్డి అలా వదిలేసి వెళ్తున్నావేంటి?" అన్నాను.

"కొండ దూరంగా ఉంది. రేపటిదాకా ఫరవాలేదు."

ఇనుపకొండ దగ్గరగా జరిగినట్టు కనిపిస్తే వాన, దూరంగా లేతనీలంగా కనిపిస్తే ఎండ. అది నాకూ తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం నేను కొండని చూడలేదు. రేడియో విన్నాను. సాయంత్రానికి పడమటి నుంచి భారీ వర్షం అన్నారు. హ్యూయీ అక్కడ శవపేటిక వెనక నడుస్తుంటే ఏడాది మేత ఇక్కడ తడిసిపోతోందే అనిపించింది. డెక్లన్‌కి ఫోన్ చేశాను.

"సగం కూడా ఆరలేదే," అన్నాడు డెక్లన్.

"అందుకే చుట్టేయమంటున్నా. ప్లాస్టిక్ వేసెయ్. ఆయన వచ్చేసరికి అయిపోవాలి."

"నిన్ను చూస్తే స్వర్గంలో కుర్చీ వేసి ఉంచుతారు నూలా. నాకు ఒక స్టూలైనా అడుగు."

నాలుగింటికల్లా పదకొండు నల్ల చుట్టలు కంచె వెంబడి వరసగా కూర్చున్నాయి. అయిదింటికి హ్యూయీ వచ్చాడు. నల్లకోటుతోనే పొలం గేటు దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. అలసిపోయాడనుకున్నాను. తర్వాత మా గుమ్మంలోకి వచ్చి, టోపీ తీసి, "చాలా మంచిపని చేశావు పిల్లా. డెక్లన్‌కీ చెప్పు," అన్నాడు.

ఆ సాయంత్రం వాన రాలేదు. మర్నాడూ రాలేదు. అటుపై రోజు కూడా కొండ లేతనీలంగా, ఎవరో దాచుకున్న ఉత్తరంలా, దూరంగానే ఉంది.

ఆగస్టు సగమయ్యాక ఒక మధ్యాహ్నం టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. కోటు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"కళ్ళజోడు పాతదైపోయింది. ఇది కాస్త నింపిపెడతావా?"

విప్పి చూస్తే నెల్లీ కాగితం. గుర్రం చేతులు మారేటప్పుడు ప్రభుత్వానికి పంపాల్సింది.

"ఎక్కడికి పంపిస్తున్నావు దాన్ని?"

"లాంగ్‌ఫర్డ్ అవతల ఎవరో ఉన్నారట. మంచివాళ్ళేనట. చలి మొదలవక ముందే తీసుకుపోతారు."

"ఇప్పుడెందుకు?"

ఆయన పొయ్యి మీద కెటిల్ వైపు చూశాడు. "వయసైంది కదా."

"ఎవరికి, నీకా దానికా?"

"ఇద్దరికీ పొత్తులో."

నవ్వాను. ఆయన నవ్వలేదు. టీ పోసి, సోడా రొట్టె కోసి పెట్టాను. ఊరికే అనాలని అన్నాను. "మేత బాగానే ఉందిగా ఈసారి. పదకొండు చుట్టలు."

"ఉంది. డెక్లన్ బాగా చుట్టాడు. ఒక్క చిరుగు లేదు."

"మరి?"

"ఆవులకి చక్కగా పనికొస్తుంది."

"నీకు ఆవులెక్కడున్నాయి హ్యూయీ?"

"లేవు," అన్నాడు. బల్లగుడ్డ మీది ముడతని వేలితో సరిచేశాడు. అది ముడత కాదు, గళ్ళ గీత. అయినా సరిచేస్తూనే ఉన్నాడు.

అప్పుడు ఒక్కో మాటే లాగాను. రెండేళ్ళ కిందట ఎవరో ప్రేమగా ఇచ్చిన ఒక చుట్ట తినిపిస్తే నెల్లీకి కడుపులో మెలిపెట్టి మూడు రోజులు నేల మీద పొర్లిందట. ముసలి కడుపు, పులిసిన మేత పడదు, ఈసారి తింటే దక్కదని పశువుల డాక్టర్ చెప్పాడట. ఆ తడి ఏడాదిలో చుట్టుపక్కల ఎండుగడ్డి అమ్మేవాడే లేడు. ఎండుగడ్డి లేకపోతే ఆ గుర్రానికి చలికాలం లేదు.

కుర్చీలోంచి లేచాను. "ఆ సాయంత్రమే ప్లాస్టిక్ చింపి పరిచేస్తే ఆరిపోయేది కదా! మూడు రోజులు ఎండ కాసింది!"

"కాసింది."

"మరి ఎందుకు చింపలేదు?"

ఆయన నా భుజం మీదుగా చూశాడు. అటు తిరిగాను. నా వంటింటి కిటికీ. కిటికీలో కంచె. కంచె వెనక వరసగా పదకొండు చుట్టలు.

"నీకు కనపడేది," అన్నాడు.

నేను బాధపడతానని, నా ఉపకారాన్ని నా కళ్ళముందే చింపడం మర్యాద కాదని, ఈ మనిషి తన గుర్రాన్ని పంపించేస్తున్నాడు. మేము ఇలాంటివాళ్ళమే. చెప్పు కరుస్తున్నా, కుట్టినవాడు ఎదురొస్తే భలే ఉందంటాం.

"కలం రాయట్లేదు. రేపు నింపుతాను," అని ఆ కాగితాన్ని రొట్టెల డబ్బా కింద పెట్టాను. కలం శుభ్రంగా రాస్తుంది.

ఆయన వెళ్ళగానే డెక్లన్ దగ్గరికి పోయాను. యంత్రం కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. కాళ్ళకే చెప్పాను సంగతంతా. కాళ్ళు కదలడం ఆగింది.

"ముసలాయన నాకు థాంక్స్ చెప్తూ ఒక విస్కీ సీసా ఇచ్చాడే!" అన్నాడు కింద నుంచి. "తాగేశాను కూడా!"

"తాగినందుకు కాదు వచ్చింది. ఎండుగడ్డి ఎక్కడైనా ఉందా?"

బయటికి పాకి వచ్చాడు. ముఖం నిండా గ్రీజు. "కోసింది ఎక్కడా లేదు. కోయనిది ఉంది."

"ఎక్కడ?"

"నా యంత్రం పది అడుగుల వెడల్పు నూలా. మూలల్లోకి పోదు. కరెంటు స్తంభాల చుట్టూ పోదు. కంచెల కింద పోదు. ఈ పక్కనున్న పొలాలన్నిట్లో మూలలు నిలబడే ఉన్నాయి, జుట్టు కత్తిరించేవాడు చెవుల వెనక మర్చిపోయినట్టు. నీ పొలంలో అయితే మరీ. ఎప్పుడైనా చూసుకున్నావా?"

చూసుకోలేదు. ఆ సాయంత్రం వెళ్ళి చూశాను. మూలమూలకీ నడుం ఎత్తు గడ్డి, గింజపట్టి, బంగారు గోధుమరంగుకి తిరిగి, గాలికి ఒక వైపు ఒరిగి ఉంది. ఎవరూ పిలవని పెళ్ళిలో గోడకానుకుని నిలబడ్డ మనుషుల్లా. యంత్రాలొచ్చినప్పటి నుంచీ ఏటా అలా నిలబడి, ఏటా మంచుకి కూలిపోతోంది.

హ్యూయీకి ఎలా చెప్పాలన్నదే కష్టం. ఉపకారమంటే మళ్ళీ టోపీ తీసి థాంక్స్ చెప్తాడు. కంచె సందు దగ్గర పట్టుకున్నాను.

"మా మూలలు అసహ్యంగా ఉన్నాయి హ్యూయీ. కలుపు గింజలు పొలమంతా రాలుతున్నాయి. ఆ పెద్దకొడవలితో కాస్త కోసిపెడతావా? గడ్డి నాకొద్దు, ఎక్కడైనా పారెయ్."

నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అబద్ధం ఆడటం మీ నాన్నకీ వచ్చేది కాదు. చెవులు ఎర్రబడేవి."

"నావి ఎర్రబడ్డాయా?"

"రెండూ." కంచె మీదుగా పల్లం వైపు చూశాడు. "కీనీ వాళ్ళ పల్లపు మూలలో గడ్డి మీ దానికన్నా మంచిది. అదీ అడిగావా?"

"అన్నీ అడిగాను."

"దిబ్బ?"

మా పై పొలంలో గుండ్రటి పాతదిబ్బ ఒకటి ఉంది. మాకన్నా ముందు నుంచీ ఉన్న, కంటికి కనపడనివాళ్ళది. అక్కడ పరక కూడా ఎవరూ తుంచరు.

"దాంట్లోనే అన్నిటికన్నా మంచి గడ్డి ఉంది," అన్నాను.

"అయితే నువ్వెళ్ళి వాళ్ళనడిగిరా. నేను ఇక్కడే ఉంటా."

సెప్టెంబరు మొదటి వారంలో తూర్పుగాలి తిరిగింది. కొండ దూరంగా జరిగింది. ఈసారి నేను కొండనే చూశాను. పొద్దున్నే అటక మీది కొడవలి దించి, ఆకురాయితో నూరుతున్న చప్పుడు కంచె దాటి వచ్చింది. ఆ చప్పుడు మా గుట్టల్లో విని ఎన్నేళ్ళయిందో. నా పడకగదిలోకి అది మా అమ్మ గొంతులా వచ్చింది.

మొదటి మూలలో ఆయన నాలుగు వేట్లు వేసి ఆగిపోయాడు. ఊపిరి అందలేదు. డెబ్బై ఏళ్ళు దాటిన భుజాలు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తాడు. మళ్ళీ మొదలెట్టినప్పుడు నడుము ముందు తిరిగింది, చేతులు దాని వెనక వచ్చాయి. అప్పుడు కుదిరింది. గడ్డి నిట్టూర్చి పక్కకి ఒరిగింది. నేను దంతె పట్టుకుని వెనకే గడ్డి లాగాను.

"ఆ దంతెతో గడ్డి లాగుతున్నావా, జుట్టు దువ్వుకుంటున్నావా?"

"నువ్వు కోసేదుంటే కదా లాగడానికి!"

అయిదు రోజులు, పొలానికి ఇన్ని మూలలని, తిరిగాం. డెక్లన్ యంత్రం తేలేదు, తెస్తే సాయానికొచ్చినట్టు తెలిసిపోతుందని. కంచెల కింద చిన్న చేతికొడవలితో, ఆ భారీ మనిషి, మోకాళ్ళ మీద పాకుతూ కోసిపెట్టాడు. ఎవరూ ఉపకారమన్న మాట ఎత్తలేదు. మూలలు శుభ్రం చేసుకుంటున్నామన్నారు, అంతే. ఎండలో రెండుసార్లు తిరగేసి, చిన్న చిన్న కుప్పలు వేసి, గడ్డితాళ్ళు పేని కుప్ప నెత్తిన కట్టాం. ప్రతి కుప్ప దగ్గరా హ్యూయీ మెలిక చెవి దగ్గర పెట్టుకునేవాడు. మా పల్లపు మూల కుప్ప దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు విన్నాడు. ఏమీ అనలేదు.

ఇంటికి చేర్చడానికి లారీలు ఆ దారుల్లో పట్టవు. కొట్టం వెనక నుంచి చక్రాలు లేని పాత చెక్కబల్ల, ఈడ్చుకుపోయేది, బయటికి తీశాడు. నెల్లీ మెడకి బెల్లా నాటి మెడపట్టీ వేశాడు. ఎప్పుడూ పని ఎరగని గుర్రం. తోలు మెడకి తగలగానే ఒకసారి ఒళ్ళు వణికించి, నిలబడిపోయింది. కదలదు.

"ఒక్కతీ వెళ్ళదు," అన్నాడు హ్యూయీ. "వీళ్ళ జాతే అంత. పక్కన ఇంకొకరుండాలి. నువ్వు అటు వైపు నడు."

నేను దాని కుడి పక్కకి వెళ్ళాను. ఒకప్పుడు మా మేజర్ ఉండే వైపు. దాని భుజం నా భుజానికి తగిలింది, వెచ్చగా. ఇద్దరం అడుగేశాం. వెనక బల్ల మీద దాని చలికాలం దానితోపాటే, గరగరమంటూ, గింజలు రాలుస్తూ, కంచె సందు పక్క గేటులోంచి ఇంటికి వచ్చింది.

అక్టోబరులో హ్యూయీ అడిగాడు. "ఆ కాగితం నింపావా?"

"కలం ఇంకా రాయట్లేదు."

"తొందరేం లేదులే."

జనవరిలో గుట్టలన్నీ తెల్లబడ్డ ఒక పొద్దున, వేడి రొట్టె పట్టుకుని వాళ్ళ కొట్టంలోకి వెళ్ళాను. లోపల ఎండాకాలపు వాసన. నెల్లీ తొట్టిలో తల పెట్టి నములుతోంది. దాని ఊపిరి పొగలా లేచి, గడ్డిలోని ఎండిన పువ్వుల మీద వాలుతోంది. ఏ రోజు ఏ మూల తింటోందో హ్యూయీకి పువ్వుల్ని బట్టి తెలిసిపోయేది. నిన్న కీనీ వాళ్ళ ఏటిగట్టు, మొన్న స్తంభం చుట్టూది.

"ఇవాళ ఎవరిది?"

"మీది. పల్లపు మూల." గుప్పెడు తీసి మెలిపెట్టి విన్నాడు. మొహం చిట్లించి నావైపు తిరిగాడు. "ఇది సరిగా ఆరలేదు పిల్లా. ఒక పూట ముందే కుప్ప వేశావు. ఆ రోజే అనుకున్నా. సగం ఏరి పారేయాల్సొచ్చింది. నువ్వు దంతె పట్టడం చూస్తేనే తెలుస్తుంది, మీ ఇంట్లో గడ్డి చేయడం మీ తాతతోనే పోయింది."

నేను రొట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. యాభై ఏళ్ళలో మా ఇంటి గురించి ఆ నోటి నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు అది. ట్రాక్టర్ గురించి రాలేదు. మేజర్ గురించి రాలేదు. పదకొండు చుట్టల గురించి రాలేదు.

"ఆ రోజే చెప్పొచ్చుగా!" అన్నాను.

"ఇప్పుడు చెప్తున్నాగా," అన్నాడు. రొట్టె అందుకుని, విరిచి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఇందులో ఉప్పెక్కువైంది."

నెల్లీ తల ఎత్తి మా ఇద్దర్నీ ఒకసారి చూసి, మళ్ళీ మా మూలలోకి దించుకుంది.